సిగ్నల్ గది తల్లి వేషం

సినిమాల్లో ఆమెకు ఎప్పుడూ అమ్మ వేషాలే. ముప్పై రెండేళ్ల వయసులో, తనకంటే నాలుగేళ్లే చిన్నవాడైన హీరోకి తల్లిగా వేసింది మొదలు యాభై దాటేదాకా ఆమె కనని కొడుకు లేడు, అత్తారింటికి పంపని కూతురు లేదు. దర్శకుడు ‘యాక్షన్’ అన్న మరుక్షణం కళ్లలో నీళ్లు తిరిగేవి. గ్లిజరిన్ సీసా మూత తీయాల్సిన పనే ఉండేది కాదు. అందుకే సెట్లో అందరూ ఆమెను కన్నీళ్లక్క అనేవారు. చాటుగా కాదు, మొహం మీదే అనేవారు. ఆమె నవ్వేసేది.

“ఏం చేయను నాయనా, మీ రచయితలు నాకు ఏడవడం తప్ప ఇంకో పని చెప్పరు కదా!”

ఇంట్లో మాత్రం ఆమె గలగలా మాట్లాడే మనిషి. షూటింగు నుంచి రాగానే చెప్పులు విడిచీ విడవకముందే ఆ రోజు దర్శకుడు ఎలా అరిచాడో, హీరో అద్దంలో ఎన్నిసార్లు చూసుకున్నాడో గొంతు మార్చి మార్చి చెప్పేది. వినేవాడు ఒక్కడే, భర్త. వాళ్లకు పిల్లలు లేరు. ఆయన పడక్కుర్చీలో వాలి, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

భర్త జ్యోతిష్కుడు. అందరూ సిద్ధాంతిగారు అనేవారు. ఇంటి ముందు గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడ నిండా పంచాంగాలు. మొదట్లో చుట్టుపక్కల వాళ్లే వచ్చేవారు. తరువాత ఒక సినిమా నిర్మాత రావడం మొదలుపెట్టాక ఆయన రోజులు మారిపోయాయి.

ఆ నిర్మాత పని పరభాషల్లో ఆడిన సినిమాల హక్కులు తెచ్చుకుని ఇక్కడి నటులతో మళ్లీ తీయడం. కథ ఒకసారి నెగ్గిందే కాబట్టి దాని గురించి ఆయనకు దిగులుండేది కాదు. దిగులంతా మనుషుల గురించి. మాతృకలో ఫలానా వేషం వేసినవాడికి గ్రహాలు కలిసొచ్చాయి, ఇక్కడ ఆ వేషం వేసేవాడికీ కలిసి రావాలి కదా అని ఆయన వాదన. అందుకని హీరో దగ్గర్నుంచి మూడు మాటలు చెప్పి వెళ్లిపోయే పోలీసు దాకా అందరి పుట్టిన తేదీలూ సిద్ధాంతి బల్ల మీదికి వచ్చేవి. ఒకసారి కథలో కుక్క ఉంటే, అది ఎప్పుడు పుట్టిందో కనుక్కోమని మేనేజర్ని తరిమాడట. ఆ సంగతి కన్నీళ్లక్క చెప్పిందంటే విన్నవాళ్లు పడీ పడీ నవ్వాల్సిందే.

భార్యాభర్తల మధ్య ఎవరూ పెట్టని ఒక కట్టుబాటు ఉండేది. నాకో వేషం ఇప్పించండి అని ఆమె ఎన్నడూ అడగలేదు. నీ పేరు చెప్పనా అని ఆయనా అనలేదు. ఆ నిర్మాత సినిమాల్లో ఆమె వేసిన చిన్నా చితకా వేషాలన్నీ దర్శకులు పిలిచి ఇచ్చినవే.

ఇలా ఉండగా నిర్మాత ఒక కొత్త మాతృక పట్టుకొచ్చాడు. ఎక్కడో చిన్న రైల్వే స్టేషన్. సిగ్నల్ గదిలో పనిచేసే భర్త పోతే ఆ ఉద్యోగం భార్యకు ఇస్తారు. ఆమె ఒక్కతే కొడుకును పెంచుతుంది. ఒకరోజు, రైలు వచ్చే వేళకు ఫోన్ మోగుతుంది. కొడుకు ఏట్లో మునిగిపోయాడని కబురు. హీరో లేడు, పాటలు లేవు. మొదటి రీలు నుంచి చివరి రీలు దాకా ఆ తల్లే.

ఆ సినిమాను కన్నీళ్లక్క నిర్మాత ఆఫీసులోని ప్రొజెక్షన్ గదిలో చూసింది. భాష ఒక్క ముక్క తెలియదు. అయినా చూసొచ్చి ఆ సాయంత్రం భర్తకు ఏ దర్శకుడి గొంతూ వినిపించలేదు. అన్నం ముందు కూర్చుని, “ఏవండీ, ఇలాంటి వేషం ఒకటి వేసి మానేసినా ఫర్వాలేదండీ” అంది.

ఆయన తలెత్తి చూసి, “బాగుందా అంత?” అన్నాడు.

“బాగోవడం కాదు. ఇన్నేళ్లూ నేను ఎవరో ఒకరి కోసం ఏడ్చాను. ఈ మనిషి కోసం చూసేవాళ్లు ఏడుస్తారు.”

దర్శకుడు కుర్రవాడు. ఒక్క సినిమా తీసి పేరు తెచ్చుకున్నవాడు. పెద్ద పేరున్న తారల జాబితా నిర్మాత అతని ముందు పెడితే, అది పక్కన పెట్టి కన్నీళ్లక్కకు కబురు చేశాడు. ముందుగా కెమెరా టెస్ట్ తీస్తానన్నాడు. ఆమె ఊరికే కూర్చోలేదు. ఊరి చివరి స్టేషనుకు వెళ్లి, బతిమాలుకుని, సిగ్నల్ గదిలో ఒక మూల రెండు పూటలు నిలబడింది. లీవరు లాగేటప్పుడు ఒళ్లంతా వెనక్కి వాలడం, లాగాక ఒక్క క్షణం చెవి రిక్కించడం చూసి నేర్చుకుంది. ఇంటికొచ్చి గడపలో నిలబడి తలుపు రెక్క పట్టుకుని అదే పని. సిద్ధాంతి పక్కగదిలోంచి, “ఆ తలుపు ఊడొస్తుందోయ్, రాత్రికి దొంగలు దర్జాగా వస్తారు” అనేవాడు.

టెస్టు ఆఫీసు హాల్లోనే. బల్ల మీద పాత టెలిఫోను, లీవరుకు బదులు నేలకు బిగించిన ఇనుప కమ్మీ. దర్శకుడు దగ్గరికొచ్చి మెల్లగా చెప్పాడు.

“అమ్మా, ఒక్కటే కోరిక. ఏడవకండి. రైలు దాటేదాకా ఆవిడకు ఏడవడానికి తీరికలేదు.”

ఆమెకు అంతకు ముందు ఎవరూ అలాంటి మాట చెప్పలేదు. కెమెరా తిరిగింది. ఫోన్ ఎత్తింది, విన్నది, పెట్టేసింది. కమ్మీ రెండు చేతులా పట్టుకుని వెనక్కి వాలింది. చెవి రిక్కించింది. కిటికీ దగ్గరికి నడిచి, లేని జెండాను చేత్తో పట్టుకుని, లేని రైలు పెట్టెపెట్టెకూ కళ్లు కదుపుతూ నిలబడింది. ఆఖరి పెట్టె వెళ్లాక చెయ్యి దించాలి. అది మాత్రం దిగలేదు. అలాగే ఉండిపోయింది. కట్ చెప్పడం దర్శకుడు మరిచిపోయాడు. ఎవరో మూల నుంచి ముక్కు చీదుకున్నాకగాని ఆమె ఈ లోకంలోకి రాలేదు.

“వచ్చే నెల కొండల్లో మొదలు, మూడు నెలలు అక్కడే. ఉన్ని బట్టలు కొనుక్కోండమ్మా” అన్నాడు దర్శకుడు, ఆమె రెండు చేతులూ పట్టుకుని.

ఆ రోజు ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. భర్తకు అంతా చెప్పింది. ఆయన నవ్వాడు, బాగుందన్నాడు. కానీ కళ్లజోడు నుదుటి మీదికి తోసుకోలేదు. ఆ తేడా ఆమెకు అప్పుడు తెలియలేదు.

తరువాత ఆఫీసు నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఒక వారం చూసింది. రెండో వారం ఫోన్ చేస్తే మేనేజరు నీళ్లు నమిలాడు. దర్శకుడు దొరకలేదు. చివరికి అసలు సంగతి ఆమె చెవిన వేసింది మేకప్ మనిషి. ఇరవై ఏళ్లుగా ఆమె మొహానికి రంగు పూసిన మనిషి, సొంత చెల్లెలి లెక్క. టీవీ సీరియల్ షూటింగులో జడ అల్లుతూ, అద్దంలో కూడా మొహం చూడకుండా చెప్పింది.

“అక్కా, ఆ వేషం వేరేవాళ్లకు ఇచ్చేశారు. జాతకం కుదరలేదంట.”

“ఎవరి జాతకం?”

“నీదే అక్కా.”

ఆ ఆఫీసులో జాతకాలు చూసేది ఒక్కరే. ఆ ఒక్కరికీ పొద్దున తనే కాఫీ ఇచ్చి వచ్చింది.

“ఇంకోటి కూడా చెప్పేస్తా అక్కా, దాచి ఏం చేసుకోను. నిర్మాతగారు ఊరంతా చెప్పుకుంటున్నారు. సొంత పెళ్లానికే వద్దన్నాడు చూడండి, అదీ నిజాయితీ అంటే అని. ఇప్పుడు మీ ఆయన దగ్గరికి మిగతా నిర్మాతలూ క్యూ కడుతున్నారంట.”

ఆ రోజు సీన్లో ఆమెకు కన్నీళ్లు రాలేదు. మొట్టమొదటిసారి గ్లిజరిన్ తెప్పించారు.

ఇంటికి వెళ్లేసరికి సిద్ధాంతి వంటింట్లో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాడు. ఆమె చేతిసంచి కింద పెట్టకుండానే అడిగింది.

“నా జాతకంలో ఏముందండీ?”

ఆయన చేతులు ఆగిపోయాయి. తెలిసిపోయిందని అర్థమైంది. బుకాయించలేదు.

“నీ జాతకంలో ఏమీ లేదు. దివ్యంగా ఉంది. ఆ వేషం వేస్తే నీ పేరు ఆకాశాన్ని అంటేది.”

“మరి?”

“నాది బాగోలేదు.” ఆయన తల ఎత్తలేదు. “ఈ మూడు నెలలూ నాకు గండం. మామూలు గండం కాదు. నాలుగు రకాలుగా వేసి చూశాను. నాలుగూ ఒకటే చెబుతున్నాయి. నేను దాటను.”

ఆమె గుమ్మానికి ఆనుకుంది.

“మా నాన్న ఒక్కడే పోయాడు” అన్నాడాయన. “ఆస్పత్రి మంచం మీద, పేరు తెలియని నర్సు చేతిలో. నేను వెళ్లేసరికి దుప్పటి కప్పేశారు. అప్పట్నుంచీ నాకు చావంటే భయం లేదు, ఒక్కణ్ణే పోవడమంటే భయం. నువ్వా కొండల్లో ఉంటావు. కబురు వచ్చేసరికి... నాకు ధైర్యం చాలలేదు.”

తిడదామని వచ్చిన మనిషి. దారి పొడవునా మాటలు కూడగట్టుకుని వచ్చింది. కానీ చావబోతున్నానని చెబుతున్న మనిషిని ఏమని తిడుతుంది? సంచి కింద పెట్టి, ఆయన ఎదురుగా కూర్చుని, ఒక చిక్కుడుకాయ చేతిలోకి తీసుకుంది. ఇద్దరూ ఆ గిన్నె ఖాళీ అయ్యేదాకా ఈనెలు తీశారు.

ఆ మూడు నెలలూ ఆమె వచ్చిన వేషాలన్నీ వదులుకుంది. ఆయన దగ్గితే లేచి కూర్చునేది. స్నానానికి వెళ్తే తలుపు గడియ పెట్టుకోవద్దనేది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఆయన అన్నీ పరీక్షించి, “మీకంటే నేనే ముందు పోయేట్టున్నాను సిద్ధాంతిగారూ” అన్నాడు. అయినా వాళ్లు నమ్మలేదు. నమ్మనందువల్ల ఒక మంచి జరిగింది. పెళ్లైన కొత్తలో కూడా లేనంత తీరిక వాళ్లకు అప్పుడు దొరికింది. సాయంత్రాలు మేడ మీద చాప వేసుకుని కూర్చునేవారు. ఆయన చిన్నప్పటి కబుర్లు చెప్పేవాడు. మొదటిసారి జాతకం చూసినప్పుడు ఒక ముసలాయనకు పెళ్లి యోగం ఉందని చెబితే, ఆయన భార్య చీపురు తిరగేసిందట. ఆమె నవ్వీ నవ్వీ, మధ్యలో ఇలా ఇంకెన్ని సాయంత్రాలో అని గుర్తొచ్చి ఆయన భుజానికి తల ఆనించేది. ఆ రోజుల్లో వేషం సంగతి ఆమెకు గుర్తే రాలేదంటే అబద్ధం. గుర్తొచ్చేది. పోయే మనిషి ముందు పోయిన వేషం ఎంతలే అని గుండె రాయి చేసుకునేది.

మూడు నెలలూ గడిచాయి. నాలుగో నెలా గడిచింది. సిద్ధాంతి నిక్షేపంలా ఉన్నాడు. ఆమె చేతి తిండికి కాస్త ఒళ్లు కూడా చేశాడు.

మొదట ఇద్దరికీ సంతోషమే. ఆ తరువాత ఇంట్లో ఏదో మారడం మొదలైంది. పొద్దున్నే ఆయన పళ్లు తోముకుంటూ గొంతు సవరించుకున్న చప్పుడు వినపడగానే, ఆమెకు ముందు ఊరట కలిగేది, వెంటనే ఒళ్లు మండేది. అలా మండినందుకు సిగ్గేసేది. భర్త బతికి ఉన్నందుకు కోపం తెచ్చుకునే ఆడది ఉంటుందా లోకంలో అని తనను తానే తిట్టుకునేది. ఆయనకూ తెలుసు. కంచం ముందు కూర్చుంటే తప్పు చేసి దొరికినవాడిలా ఉండేవాడు.

సినిమా విడుదలైంది. ఆడింది. పేపర్లలో ఆ తల్లి వేషం వేసిన నటి ఫొటోలే ఫొటోలు. కన్నీళ్లక్క మధ్యాహ్నం ఆటకు బయల్దేరితే, “నేనూ వస్తాను” అన్నాడాయన. వద్దనలేదు, రమ్మననూ లేదు.

ఆ నటి చెడగొట్టి ఉంటే ఆమెకు ఒక రకంగా తేలిగ్గా ఉండేది. ఆవిడ బాగా చేసింది. సిగ్నల్ గది సీను వచ్చేసరికి కన్నీళ్లక్క ముందు సీటు అంచు పట్టుకుంది. తెర మీద ఫోన్ మోగింది. తెర మీది మనిషి విని, కుప్పకూలి, ఏడ్చి, ఏడుస్తూనే లీవరు లాగింది. హాలంతా ఏడ్చింది. కన్నీళ్లక్క మాత్రం తెలియకుండానే వెనక్కి వాలింది, ఒళ్లంతా. చీకట్లో సిద్ధాంతి ఆమె చేతి మీద చెయ్యి వేశాడు. ఆమె తన చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది.

ఇంటికి నడిచి వచ్చారు. సందు మలుపులో ఆయన ఆగాడు.

“నా లెక్క తప్పింది. క్షమించు.”

“లెక్క తప్పితే తప్పిందండీ. ఎవరికైనా తప్పుతుంది.” ఆమె గొంతు పెంచలేదు. “నన్ను అడగలేదు మీరు. నాకు భయంగా ఉంది, వెళ్లకు అని ఒక్క మాట అని ఉంటే, నేనే ఫోన్ చేసి మానేసేదాన్ని. ఆ కొండలు, ఆ వేషం, ఆ పేరు, అన్నీ నేనే కాదనుకునేదాన్ని. నేను వదులుకున్నానని చెప్పుకోవడానికైనా మిగిలేది. ఇప్పుడు నేను వదులుకున్నదీ లేదు, చేసిందీ లేదు. జాతకం బాగోలేని మనిషినని ఊరంతా అనుకుంటోంది. అంతే.”

“అడిగితే నువ్వు ఆగుతావని నాకు తెలుసు. తెలిసి అడగడానికి మనసొప్పలేదు.”

“నా వెనకాల చేయడానికి మనసొప్పిందా?”

ఆయన మళ్లీ నడక సాగించాడు. ఆమె రెండడుగుల వెనక నడిచింది.

మర్నాడు సిద్ధాంతి ఇస్త్రీ చొక్కా వేసుకుని నిర్మాత ఆఫీసుకు వెళ్లాడు. గదిలో దర్శకుడూ మేనేజరూ ఉన్నారు. వాళ్లు ఉండగానే చెప్పాడు, తన భార్య జాతకంలో ఏ దోషమూ లేదని, తన స్వార్థం కోసం అబద్ధమాడానని. నిర్మాత ముందు నవ్వాడు, తమాషా అనుకుని. కాదని తెలిశాక మొహం మాడిపోయింది.

“గురువుగారూ, మరి ఇన్నాళ్లూ మీరు చెప్పినవాటిలో ఎన్ని నిజం, ఎన్ని అబద్ధం?”

“నాకు తెలిసినంతలో మిగతావన్నీ నమ్మే చెప్పాను. నా గండాన్నీ నమ్మే చెప్పాను. ఇప్పుడు ఏది నమ్మాలో నాకే తెలియడం లేదు.”

అక్కడితో ఆ గడప తొక్కడం ఆగిపోయింది. క్యూ కట్టిన నిర్మాతలు మరో సిద్ధాంతిని వెతుక్కున్నారు. ఇంటికొచ్చి ఇదంతా ఆమెకు చెప్పాడు. నా కోసం వెళ్లారా, మీ కోసమా అని ఆమెకు అడగాలనిపించింది. ఆ వయసు మనిషి, అంతమంది ముందు, ఇస్త్రీ చొక్కాలో నిలబడి ఉన్న దృశ్యం కళ్లకు కట్టి, “అన్నం తిన్నారా?” అని మాత్రం అడిగింది.

గోడ మీది పంచాంగాలు ఆయనే దించేశాడు. ఆ తరువాత పని లేని మనిషి ఇంట్లో ఏం చేస్తాడు? ఆమెతో పాటు షూటింగులకు రావడం మొదలుపెట్టాడు. కారులో డ్రైవర్ పక్క సీటు ఆయనది. ఆమె బట్టల సంచి, మంచినీళ్ల సీసా, మాత్రలు పట్టుకుని సెట్టు బయట కుర్చీలో కూర్చునేవాడు. ఒకప్పుడు ఆయన కనబడితే లేచి నిలబడ్డవాళ్లు పక్కనుంచి వెళ్లిపోయేవారు.

“ఎందుకండీ ఈ ఎండలో, ఇంట్లో పడుకోక” అనేది ఆమె.

“ఇంట్లో ఏముందోయ్” అనేవాడు.

వాళ్లు మళ్లీ మాట్లాడుకున్నారు, నవ్వుకున్నారు కూడా. ఆమె దర్శకుల గొంతులు మళ్లీ అనుకరించింది. అయితే ఒకప్పుడు ముందూ వెనకా చూడకుండా వచ్చేసే నవ్వు, ఇప్పుడు ఒక్క క్షణం ఆగి, చూసుకుని వచ్చేది. అలా ఆరేళ్లు. వేషాలు చిన్నవైపోయాయి. తల్లి పోయి అమ్మమ్మ అయింది. అలాంటి కథ మళ్లీ ఎవరూ తీసుకురాలేదు.

సిద్ధాంతి ఒక ఆదివారం పొద్దున, పేపరు చదువుతూ, గుండె పట్టుకుని పక్కకు ఒరిగాడు. ఆమె వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేసరికి ప్రాణం ఉంది. తల ఒళ్లోకి తీసుకుంది. ఆయన ఏదో అనబోయాడు. “నేనున్నానండీ, ఇక్కడే ఉన్నాను” అంటూనే ఉంది. విన్నాడో లేదో ఆమెకు ఈనాటికీ తెలియదు.

పరామర్శకు వచ్చినవాళ్లలో ఆ దర్శకుడూ ఉన్నాడు. ఇప్పుడు కాస్త నెరిశాడు. వెళ్లే ముందు అన్నాడు.

“అమ్మా, మీ టెస్టు నా దగ్గరే ఉంది. పారేయలేకపోయాను. మీకు చూడాలనుంటే తెస్తాను.”

ఆమె గ్లాసులో నీళ్లు తాగి, మూతి తుడుచుకుని, నెమ్మదిగా అంది.

“వద్దు నాయనా. బాగుంటే ఆయన మీద కోపం వస్తుంది. బాగోలేకపోతే ఆయన మీద పెట్టుకున్న కోపమంతా వృథా అని ఏడుపొస్తుంది. మనిషే లేకుండా పోయాక ఈ రెండూ ఎక్కడ పెట్టుకోను?”

నెల తిరక్కుండానే పనిలోకి వెళ్లింది. హాస్యం పండించే అమ్మమ్మ వేషం. పొద్దున్నే కారు వచ్చింది. సొంత ఊరు వెళ్లి చాలా రోజుల తరువాత తిరిగొచ్చిన పాత డ్రైవరు, ఆయన పోయిన సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. ఆమె వెనక సీట్లో కూర్చోగానే, ముందు సీటు మీది తన తువ్వాలు తీసి, దులిపి, ఇంటి గుమ్మం వంక చూశాడు.

“అమ్మా, అయ్యగారు రావట్లేదా?”

“లేదు బాబూ, ఈరోజు నేనొక్కదాన్నే” అంది ఆమె. “పోనీ.”